సౌండ్ డెస్క్ దగ్గర కూర్చున్నవాళ్లు ఆరాధన ఎప్పుడు చేస్తారు?

వెనకడెస్క్:

అందరికీ వందనాలు.

మా సంఘంలో సౌండ్ చూసేది నేనే. లైవ్‌కి వెళ్లే ఆడియో కూడా నా చేతిలోనే ఉంటుంది. ఇష్టంగానే చేస్తున్నాను, మానేయాలా వద్దా అని అడగడం లేదు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈ విషయం ఎక్కడ ఎత్తినా మొదటి జవాబు "అయితే కొన్నాళ్లు మానెయ్ బ్రదర్" అని వస్తుంది. రెండో జవాబు మార్త మరియల సంగతి, అంటే మార్త విందు పనుల్లో మునిగిపోతే మరియ యేసు పాదాల దగ్గర కూర్చుని వాక్యం విన్న కథ. దయచేసి అది వద్దు. మార్త పని ఆపితే భోజనం ఆలస్యమవుతుంది, అంతే. నేను మ్యూట్ తియ్యకుండా వెళ్లి ముందు వరుసలో కూర్చుంటే పాస్టర్ గారి వాక్యం ఎవరికీ వినబడదు.

ఆదివారం అందరికంటే ముందు వచ్చేది నేను, ఆఖర్న వెళ్లేది నేను. వైర్‌లెస్ మైకులకు బ్యాటరీలు, లైన్ చెక్, కాయర్‌కి మానిటర్లు (పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు తమ శబ్దం తమకు వినిపించే స్పీకర్లు). మొదటి పాట ఎత్తుకోగానే సంఘమంతా చేతులెత్తుతుంది. నా చెయ్యి మాత్రం ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) మీద ఉంటుంది. లీడ్ పాడే సిస్టర్ గొంతు పెంచినప్పుడు మైకు నోటికి దూరం జరుపుతారు, తగ్గించినప్పుడు మళ్లీ దగ్గరకు తెచ్చుకోరు. కీబోర్డ్ తమ్ముడు నా వైపు చూసి వేలు పైకి చూపిస్తాడు, అంటే తన మానిటర్ పెంచాలి. అతనికి పెంచితే గిటార్ వాయించే అతను చూస్తాడు. ఇంతలో పాట అయిపోతుంది. ఏ పాట పాడారని అడిగితే చెప్పగలను. ఆ పాటలో నేను దేవునితో ఒక్క మాటైనా మాట్లాడానా అంటే చెప్పలేను.

ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటారు. నేను మూసుకోకూడదు. ప్రార్థన చేయబోయే పెద్దాయన ఏ మైకు అందుకుంటారో ఎవరికీ తెలియదు, ఆయనకు కూడా. ప్రభువు బల్ల రోజున రొట్టె పళ్లెం నా దగ్గరకు వచ్చేది చివర్లో. అప్పటికి పాట మొదలైపోయి ఉంటుంది. ఒక చేత్తో తీసుకుంటాను, కళ్లు మీటర్ మీద ఉంటాయి.

ఇంటికి వెళ్లాక అమ్మ అడుగుతుంది, "ఇవాళ వాక్యం ఏంట్రా?" అని. ఆవిడ నడవలేక సంఘానికి రావడం లేదు, లైవ్ చూడటం ఆవిడకు రాదు, నేనే చెప్పాలి. పాస్టర్ గారి కాలర్ మైకు చొక్కాకి ఎప్పుడు రాసుకుందో చెప్పగలను. వాక్యం చెప్పలేను.

ఇదంతా ఆదివారం సంగతి. అసలు బాధ వేరే ఉంది. ఇంట్లో ఒక్కడినే కూర్చుని ఆరాధన పాటలు పెట్టుకున్నా చెవి పనిలోకి దిగిపోతుంది. గొంతు మీద రివర్బ్ (ప్రతిధ్వని) ఎక్కువైంది, బేస్ గిటార్ కిక్ డ్రమ్ కింద మునిగిపోయింది, ఇలా. వేరేవాళ్లు కన్నీళ్లు పెట్టుకునే చోట నేను ఈక్వలైజర్ గురించి ఆలోచిస్తున్నాను. పని నా ఆదివారాన్ని తీసుకుంది, సరే. సోమవారం కూడా దానికే ఎందుకివ్వాలి?

నా ప్రశ్నలు రెండు. "నీ సేవే నీ ఆరాధన" అని అందరూ నాకు చెప్పే మాట నిజమేనా? నిజమైతే నాకు ఈ దాహం ఎందుకు ఉంది? రెండోది, మీలో సౌండ్, కెమెరా, స్లైడ్స్, లైవ్ చూసేవాళ్లు మీ సొంత ఆరాధనకు సమయం ఎలా దొరకబుచ్చుకుంటున్నారు? ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

---

తెల్లవారుజాము:

వందనాలు బ్రదర్. తెల్లవారుజామున 4 గంటలకు లేవండి. ఫోన్ ముట్టుకోకముందే మోకరించండి. ఆదివారం సంఘానికి ఖాళీగా వచ్చి నింపుకోవాలని చూడకండి, నిండి రండి. మిగతాదంతా అదే సర్దుకుంటుంది.

---

వెనకడెస్క్:

థాంక్స్ బ్రదర్. కానీ నాది నైట్ షిఫ్ట్. 4 గంటలకు నేను లేవడం కాదు, ఇల్లు చేరేది అప్పుడే :)

---

పాతకేబుల్:

తమ్ముడూ, నేను క్యాసెట్ల కాలం నుంచి ఈ పనిలో ఉన్నాను. అప్పట్లో వాక్యం రికార్డు చేయడానికి 60 నిమిషాల క్యాసెట్ వాడేవాళ్లం, అంటే ఒక పక్కకు 30 నిమిషాలు. పాస్టర్ గారు అసలు విషయానికి వచ్చేసరికి నా కళ్లు టేపు ఎంత మిగిలిందన్న దాని మీదే ఉండేవి, ఆయన ఊపిరి తీసుకునే సందు చూసి తిప్పి పెట్టాలి కదా. కాబట్టి నీ బాధ డిజిటల్ మిక్సర్‌తో పుట్టింది కాదు.

మొదటి ప్రశ్నకు నా జవాబు: సగమే నిజం. చేతిపని దేవునికి అర్పణ అవుతుంది, అందులో నాకు సందేహం లేదు. నిర్గమకాండం 31లో బెసలేలును దేవుడు తన ఆత్మతో నింపింది బంగారం, వెండి, చెక్క పని కోసమే. అయితే వాక్యం వినడం, మన పాపం ఒప్పుకోవడం, ఏ పనీ లేకుండా ఆయన దగ్గర ఊరికే ఉండటం, ఇవి ఫేడర్ జరిపినందువల్ల జరిగిపోవు. వడ్డించేవాడు ఆఖర్న తింటాడు, కానీ తింటాడు. "సేవే ఆరాధన" అని ఎక్కువగా అనేది ఎవరో ఒకసారి గమనించు. డ్యూటీ లిస్టులో రెండో పేరు వెతికే ఓపిక లేనివాళ్లు. కటువుగా ఉంటే క్షమించాలి, చాలా ఏళ్లుగా విని ఉన్నాను.

మొదటి దినవృత్తాంతములు 23 తీసి చదువు. దావీదు లేవీయులను, అంటే మందిర సేవకు ఏర్పడిన గోత్రంవాళ్లను, లెక్కపెట్టిస్తే 38,000 మంది. అందులో వాయిద్యాలతో స్తుతించేవాళ్లు 4,000, ద్వారపాలకులు కూడా 4,000. స్తుతించేవాళ్లెంతమందో తలుపుల దగ్గర నిలబడేవాళ్లూ అంతమందే. 25వ అధ్యాయంలో పాటగాళ్లను 24 వంతులు చేశారు, వంతుకు 12 మంది చొప్పున 288 మంది. యాజకులకూ 24 వంతులే. బాప్తిస్మమిచ్చే యోహాను తండ్రి జెకర్యా అబీయా వంతువాడు. తన వంతు వచ్చినప్పుడు ఆలయంలో సేవ చేశాడు, ఆ రోజులు పూర్తి కాగానే ఇంటికి వెళ్లాడని లూకా మొదటి అధ్యాయంలోనే ఉంది. మందిరపు పని ఇచ్చిన దేవుడే వంతులు కూడా పెట్టించాడు. మన డెస్క్ దగ్గరేమో ఒకటే వంతు, అందులో ఒకడే మనిషి.

ఇక దాహం సంగతి. 84వ కీర్తన పైన ఎవరి పేరుందో చూడు, కోరహు కుమారులు. అదే దినవృత్తాంతములు 9వ అధ్యాయంలో కోరహీయులు గుడారపు ద్వారాలు కాసినవాళ్లని రాసి ఉంది. యెహోవా మందిరావరణాల కోసం ప్రాణం సొమ్మసిల్లుతోందని పాడింది ఆ వంశం పేరున్న కీర్తనలోనే. రోజూ గడప దగ్గరే ఉన్నవాళ్లకే ఆ ఆరాటం. నీకు దాహం వేస్తోందంటే నీలో ఏదో లోపం ఉందని అనుకోకు. ఆ దాహం పోయిన రోజున నాకు చెప్పు, అప్పుడు కంగారు పడదాం.

పని విషయంలో నేను చేసేవి చెప్తాను. మా దగ్గర పనిచేసినవి మీ దగ్గర పనిచేయకపోవచ్చు.

శనివారం రిహార్సల్ అయ్యాక కాయర్ వెళ్లిపోతారు, నేను ఉంటాను. హాలు ఖాళీగా ఉన్నప్పుడే ఒక్కో మైకూ నెమ్మదిగా పెంచుతూ ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర విజిల్ వస్తుందో పట్టుకుని అక్కడ కోసేస్తాను. మాట్లాడే మైకులన్నిటికీ 100 హెర్ట్జ్ కింద కట్ పెడతాను. మైకు స్టాండు తన్నిన శబ్దం, ఊపిరి గాలి సగం అక్కడే పోతాయి. గెయిన్, అంటే మైకు నుంచి డెస్క్‌లోకి వచ్చే శబ్దం మట్టం, సరిగ్గా కూర్చోబెడతాను. ఆదివారం ఫేడర్‌తో పడే కుస్తీలో చాలా భాగం నిజానికి గెయిన్ దగ్గర మిగిల్చిన పనే. పాటలకు ఒక సీన్ (ఒక్క బటన్‌తో తిరిగి వచ్చే సెట్టింగులు), ప్రార్థనకు ఒకటి, వాక్యానికి ఒకటి సేవ్ చేసి పెడతాను. వాక్యం సీన్‌లో పాస్టర్ గారి మైకు, అది ఆగిపోతే వాడటానికి పుల్పిట్ మైకు, రెండే తెరిచి ఉంటాయి, మిగతావన్నీ మ్యూట్. ఆ బటన్ నొక్కాక నా చేతికి పని లేదు. అప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకుంటాను. నవ్వొద్దు, అది అలవాటు చేసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. పని లేకపోయినా చెయ్యి ఊరికే నాబ్ వైపు వెళ్తుంది. బాగున్న సౌండ్‌ను ఇంకొంచెం బాగు చేద్దామన్న దురద మనందరికీ ఉంది. అది సంఘం కోసం కాదు, మన కోసం.

బైబిలు డెస్క్ మీద ఉంచుతాను, ఫోన్‌లో కాదు, పుస్తకం. వాక్యభాగం చెప్పగానే తెరుస్తాను. నోట్సు రాస్తాను, పేజీ నిండా కాదు, మూడు నాలుగు ముక్కలు. ఇంటికెళ్లాక మీ అమ్మగారికి చెప్పడానికి ఆ ముక్కలు చాలు. నిజానికి ఆవిడకు చెప్పాలన్న పూచీ నీ మీద ఉండటమే మంచిది, వినడానికి అంతకంటే మంచి కారణం దొరకదు.

చెవి గురించి నువ్వు రాసింది చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే అది నాకు ఇప్పటికీ ఉంది. పోదు. పోగొట్టాలని చూడకు. దానికి పని దొరకని చోటు వెతుక్కో. నేను ఒంటరిగా ఆరాధించేటప్పుడు రికార్డు చేసిన పాట పెట్టను. నోటితో పాడతాను, నా గొంతు బాగుండదు, అదే మేలు. కలపడానికి ట్రాకులు లేవు, కోయడానికి ఫ్రీక్వెన్సీ లేదు. కీర్తనలు పైకి చదువుతాను. వాక్యం రికార్డింగ్ వారం మధ్యలో మళ్లీ వింటాను, కానీ మంచి హెడ్‌ఫోన్‌లో వినను, ఫోన్ స్పీకర్లో వింటాను. ఆ డొక్కు శబ్దంలో తప్పులు వెతకాలని చెవికి అనిపించదు, మాటలు మాత్రమే వినబడతాయి.

ఇంకోటి. ఆదివారం మధ్యాహ్నం కాసేపు ఏ శబ్దమూ లేకుండా ఉండు. ఇది భక్తి విషయమే కాదు, చెవుల విషయం కూడా. పని చోట శబ్దం గురించి అమెరికాలోని నియోష్ సంస్థ చెప్పే పరిమితి 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు. 3 పెరిగిన ప్రతిసారీ సమయం సగమవుతుంది. అంటే 94 దగ్గర గంటే. మన పాటల సమయంలో మీటర్ ఎక్కడ ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు. అంతసేపు విన్న చెవిలో మళ్లీ పాటలు పోసి "నాకు ఏమీ అనిపించడం లేదు" అనుకోవడం అన్యాయం.

---

చిన్నమాట:

మార్త మరియల గురించి ఎవరూ చెప్పలేదేంటి? లూకా 10 చదవండి, అందులోనే అంతా ఉంది.

---

వెనకడెస్క్:

నా ప్రశ్న మొదటి పేరా చదవండి బ్రదర్ :)

పాతకేబుల్ అన్నా, చేతులు ఒళ్లో పెట్టుకోవడం దగ్గర ఆగిపోయి రెండుసార్లు చదివాను. నాకు ఆ దురద ఉందని ఎవరూ ఇంతవరకు అనలేదు. నోటితో పాడటం కూడా ప్రయత్నిస్తాను. పక్కింటివాళ్ల సంగతి దేవుడే చూసుకోవాలి.

---

తర్వాతిస్లైడ్:

వందనాలు. నేను స్లైడ్స్ చూస్తాను, మా ఆయన కెమెరా. పిల్లలు సండే స్కూల్లో ఉంటారు కాబట్టి ఇద్దరం చేయగలుగుతున్నాం.

నాకు పాతకేబుల్ అన్నయ్య మాట మొత్తం ఒప్పుకోబుద్ధి కావడం లేదు. సౌండ్ వేరు, స్లైడ్స్ వేరు. సంఘం ఆఖరి మాట పాడుతుండగానే తర్వాతి చరణం తెర మీదకు రావాలి. ఆ సమయం కుదరాలంటే నేను కూడా వాళ్లతో కలిసి పాడాల్సిందే. పాడటం ఆపానంటే స్లైడ్ ఆలస్యమైపోతుంది. కాబట్టి నాకు పాటల్లో ఆరాధన పనితో పాటే జరుగుతుంది, నిజంగా జరుగుతుంది. ఎవరో చెప్పారని కాదు, అనుభవంతో అంటున్నాను. పల్లవి మళ్లీ ఎత్తుకుంటారా, చరణానికి వెళ్తారా అని లీడర్ మొహం చూస్తూ ఉండాలి. అప్పుడు కూడా పాట నోట్లోనే ఉంటుంది.

నాకు పోయేది వాక్యం. మా పాస్టర్ గారు రోమా నుంచి యెషయాకు, అక్కడి నుంచి హెబ్రీకి ఒక్క ఊపులో వెళ్తారు. రిఫరెన్స్ టైప్ చేసి వచనం పైకి తెచ్చేసరికి ఆయన దాన్ని ఎందుకు చెప్పారో దాటిపోతుంది. వచనాలన్నీ నా వేళ్ల మీదుగానే వెళ్తాయి, ఒక్కటీ లోపల నిలబడదు.

దీనికి నాకు దొరికిన దారి, వారం మధ్యలో స్లైడ్స్ తయారుచేసే సమయం. ఇంతకుముందు పాత ఫైలు కాపీ చేసి, పేజీలు సరిచేసి పది నిమిషాల్లో ముగించేదాన్ని. ఇప్పుడు రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుంటాను. ప్రతి చరణాన్నీ మళ్లీ టైప్ చేస్తాను. కావాలనే చేస్తాను. పాడేటప్పుడు కొట్టుకుపోయే మాటలు టైప్ చేసేటప్పుడు ఒక్కొక్కటిగా వస్తాయి. ఒక చరణం దగ్గర ఆగి ప్రార్థన చేయాలనిపిస్తే చేస్తాను, కంప్యూటర్ ఎక్కడికీ పోదు. పాస్టర్ గారిని వచనాల లిస్టు శుక్రవారానికే ఇవ్వమని అడిగాం, సగం సార్లు ఇస్తారు. ఇచ్చిన వారం ఆ వచనాలన్నీ ముందే చదువుకుని వెళ్తాను, ఆదివారం ఆయన చెప్పేటప్పుడు కనీసం దారి తెలుస్తుంది.

వంతులు వేసుకుని ఆదివారం సెలవు తీసుకోవడం గురించి: వినడానికి బాగుంది. మా సంఘంలో ఇద్దరమే ఉన్నాం, ఆ ఇద్దరం ఒకే ఇంట్లోవాళ్లం. 24 వంతులు ఎక్కడి నుంచి తేవాలి? అందుకని మేము మైకు లేని చోటు వెతుక్కున్నాం. బుధవారం ఒక విశ్వాసి ఇంట్లో కూడిక ఉంటుంది. తెర లేదు, మైకు లేదు, పాటల పుస్తకాలే. మొదటిసారి వెళ్లినప్పుడు మా ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ కూడిక మానరు. తమ్ముడూ, మీ నైట్ షిఫ్ట్‌కి కుదిరే అలాంటిదేదైనా ఉంటే చూడండి.

---

కాపరిఒకరు:

ఒక సంఘ కాపరిగా మాట్లాడుతున్నాను. ఇంతవరకు వచ్చిన జవాబులన్నీ ఈ తమ్ముడు ఏం చేయాలో చెప్పాయి. సంఘం ఏం చేయాలో కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

మొదటి దినవృత్తాంతములు 9వ అధ్యాయం చివర్లో పాటగాళ్ల గురించి ఒక చిన్న వివరం ఉంది. రాత్రింబగళ్లు ఆ పనిలోనే ఉండేవాళ్లు కాబట్టి వాళ్లకు వేరే పనులు పెట్టలేదు. మన సంఘాల్లో సౌండ్ చూసే కుర్రాడికి కుర్చీలు సర్దడం, జనరేటర్, సంఘం వాట్సాప్ గ్రూపు, పెళ్లి కూటమి వీడియో, పాస్టర్ గారి ప్రింటర్ కూడా అప్పగిస్తారు. టెక్నికల్ తెలుసు అన్న ఒక్క మాట మీద. ఎవరి వంతు ఏమిటో రాసి పెట్టడం పెద్దల పని. అది ఆ కుర్రాడు నోరు తెరిచి అడిగేదాకా ఉంచకూడదు.

సంఖ్యాకాండం 8లో లేవీయుల సేవకు వయసు పరిమితి కూడా ఉంది. 25 ఏళ్లకు మొదలు, 50కి ఆ పని నుంచి విరమణ. ఆ తర్వాత తమ సహోదరులకు తోడుగా ఉండవచ్చు, బరువు పని మాత్రం లేదు. ఇది మన మీద చట్టమని చెప్పడం లేదు. సేవకు ఆగే చోటు పెట్టడం అవిశ్వాసం కాదని చెప్తున్నాను.

మా దగ్గర కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. ప్రభువు బల్ల రోజున టెక్నికల్ టీమ్‌కు, కాయర్‌కు ఆరాధన మొదలవకముందే బల్ల ఇస్తాం. డెస్క్ దగ్గర కాదు, ముందుకు పిలిచి, కూర్చోబెట్టి, ప్రార్థించి ఇస్తాం. అప్పుడు స్విచ్‌లన్నీ ఆఫ్. ఆ సమయంలో మైకు చెక్ అడిగితే నేను ఊరుకోను. రెండోది, పాటల క్రమం, ఎవరు ప్రార్థిస్తారు, ఏ మైకు అన్నది కాగితం మీద ముందే రాసి ఇస్తాం. వేదిక మీద మేము చివరి నిమిషంలో ఒకటి మారిస్తే అక్కడ వెనక ఒకరి ఆరాధన చెడుతుంది. ఆత్మ నడిపింపు అంటారు కొందరు. నడిపింపు శనివారం కూడా రావచ్చు.

కొత్తవాళ్లకు నేర్పే సంగతి. చిన్న సంఘాల్లో మనుషులు లేరన్నది నిజమే, సిస్టర్ చెప్పింది నాకు అర్థమైంది. కానీ చాలాచోట్ల మనుషులు లేక కాదు, డెస్క్ చూస్తే భయమేసి రారు. దాన్ని తేలిక చేయండి. వాడే చానళ్లకు పేర్లు అంటించండి, వాడనివి మూసేయండి, సీన్ బటన్లు మూడే చూపించండి. పదిహేనేళ్ల పిల్లలు నేర్చుకుంటారు. ఆడపిల్లలను కూడా కూర్చోబెట్టండి, వాళ్లు వద్దన్నారని మనమే అనుకుంటాం, అడిగి చూడం.

తమ్ముడూ, నీ దాహం గురించి ఒక్క మాట. మార్కు 6లో శిష్యులకు భోజనం చేయడానికి కూడా తీరిక లేకపోతే ప్రభువు వాళ్లను ఏకాంతంగా వచ్చి కాసేపు అలసట తీర్చుకోమన్నాడు. పడవెక్కి వెళ్లారు. వాళ్లకంటే ముందే జనం అక్కడికి చేరిపోయారు. ఆ విశ్రాంతి అనుకున్నట్టు జరగలేదు. ఆ రోజంతా పని, ఐదు వేలమంది మగవాళ్లకు భోజనం. అదంతా అయ్యాక ఆయన జనాన్ని పంపేసి ప్రార్థించడానికి కొండెక్కాడు. పొద్దున కుదరకపోతే రాత్రికి, అలా. నీ షిఫ్ట్ ముగిసి ఇల్లు చేరే 4 గంటలు చాలామందికి లేచే సమయం. నీకది పడుకునేముందు సమయం. అది కూడా తెల్లవారుజామే.

---

తెల్లవారుజాము:

నేను చెప్పిందీ అదే కదా పాస్టర్ గారూ :)

---

వెనకడెస్క్:

అవును బ్రదర్, మీరే గెలిచారు.

అందరికీ థాంక్స్. తర్వాతిస్లైడ్ అక్కా, మీరు చెప్పినట్టు పాటలు పాడుతూ పని చేయడం సౌండ్‌లో నాకు కుదరదు, నేను పాడితే నా గొంతే నాకు వినబడి మిక్స్ తెలియదు. కానీ మైకు లేని కూడిక మాట నచ్చింది. నాకు సెలవు ఉండే రోజునే మా దగ్గర యువకుల ప్రార్థన ఉంటుంది. ఇంతకాలం ఎందుకు వెళ్లలేదంటే, వెళ్తే ఎవరో ఒకరు "స్పీకర్ తెస్తావా" అంటారని. ఉత్త చేతులతో వెళ్తాను.

పాస్టర్ గారూ, బల్ల ముందే ఇవ్వడం గురించి మా పాస్టర్ గారితో మాట్లాడతాను. ఈ థ్రెడ్ చూపించను, మాట్లాడతాను.

రెండో మనిషి విషయానికి వస్తే, కీబోర్డ్ వాయించే తమ్ముడి చెల్లెలు ఇంటర్ చదువుతోంది, రిహార్సల్స్‌కి వచ్చి డెస్క్ వెనక నిలబడి చూస్తూ ఉంటుంది. అడగలేదు, అడుగుతాను. ఆమెకు అప్పగించి నేను ముందు కూర్చున్న ఆదివారం ఫీడ్‌బ్యాక్ (ఆ విజిల్) వస్తే ఏం చేయాలి? నా వీపు ఊరుకోదు. లేచి వెళ్లిపోతాను, నాకు తెలుసు.

---

పాతకేబుల్:

లేవకు. విజిల్ రానివ్వు. ఆ అమ్మాయి నీ వైపు చూసినా తల తిప్పకు. తిప్పావంటే ఇక ప్రతిసారీ నీ వైపే చూస్తుంది, డెస్క్ వైపు చూడదు. రెండు సెకన్లు అందరూ చెవులు మూసుకుంటారు, తర్వాత మర్చిపోతారు. మా టీమ్‌లో డ్యూటీ లేనివాడిని ఎవరూ పిలవకూడదన్న నిబంధన ఉంది. మంటలు వస్తే తప్ప. కరెంటు పోయినా పిలవరు.

కూర్చునేది కూడా చూసుకో. డెస్క్ పక్క వరుసలో కాదు, స్పీకర్ ముందూ కాదు. మధ్యలో, ఇరుపక్కలా మనుషులున్న చోటు. మధ్యలోంచి లేచి వెళ్లడం కష్టం, అందుకే.

ఆమెకు మొదటి రోజు మొత్తం ఇవ్వకు. వాక్యం ఇవ్వు, పాటలు నీ దగ్గర ఉంచుకో. వాక్యంలో తెరిచి ఉండేవి రెండు మైకులే, నీకు కావాల్సిందీ వాక్యమే. పాటలు అయిపోగానే సీన్ మార్చి, కుర్చీ ఆమెకిచ్చి వెళ్లు. ఆఖరి ప్రార్థనకు తిరిగి రా. అది అలవాటయ్యాక పాటలు నేర్పు.

---

వెనకడెస్క్:

సరే అన్నా. ఒక చిన్న డౌట్: వాక్యం సీన్‌లోకి మారినప్పుడు కీబోర్డ్ మ్యూట్ అయితే, పాస్టర్ గారు మధ్యలో ప్రార్థనకు వెళ్లినప్పుడు వెనక మెల్లగా వాయిస్తాడు కదా, అది పోతుంది. ఆ అమ్మాయి కంగారు పడుతుంది.

---

పాతకేబుల్:

కీబోర్డ్‌ను ఆ మ్యూట్‌లోంచి తీసెయ్, ఫేడర్ మాత్రం బాగా కిందికి పెట్టి సేవ్ చెయ్. వాయించకపోతే ఎలాగూ శబ్దం రాదు, వాయిస్తే మెల్లగానే వస్తుంది. కీబోర్డ్ తమ్ముడికి ముందే చెప్పు, వాక్యం జరుగుతున్నప్పుడు టోన్లు మార్చి చూసుకోవద్దని. ఏ సంఘంలోనైనా అది ఒకసారి జరిగే ఉంటుంది.